ఊరికే... అలా సైకిలు మీద

ప్రపంచంలో మొట్టమొదటి సైకిలు ప్రయాణం ఏ పని మీద జరిగిందో తెలుసా అండీ? ఏ పని మీదా కాదు! ఆఫీసుకి ఆలస్యమై కాదు, కూరలకి కాదు, డాక్టరుగారిని పిలుచుకు రావడానికీ కాదు. 1817 జూన్ 12వ తేదీన, యూరపులో వేసవి మొదలయ్యే రోజుల్లో, జర్మనీలోని మాన్‌హైమ్ అనే ఊళ్ళో కార్ల్ ఫాన్ డ్రైస్ అనే పెద్దమనిషి తను తయారు చేసిన రెండు చక్రాల కొయ్యబండి ఎక్కాడు. ఊరు దాటి, ష్వెట్సింగెన్ వెళ్ళే దారిలో గుర్రాలు మార్చుకునే మజిలీ దాకా వెళ్ళాడు. అక్కణ్ణుంచి మళ్ళీ ఇంటికి తిరిగొచ్చేశాడు. పోను ఏడు, రాను ఏడు, వెరసి సుమారు 14 కిలోమీటర్లు. గంట లోపే అయిపోయింది. బండి నడుస్తుందా లేదా చూసుకోవడమే తప్ప ఆ మజిలీలో ఆయనకి కాగల కార్యం ఏమీ లేదు.

ఆ బండికి పెడళ్ళు లేవు, గొలుసు లేదు. మధ్యలో దూలంలాంటి చెక్క మీద కూర్చుని రెండు కాళ్ళతో నేలని తన్నుకుంటూ పోవాలి. ఇప్పుడు రెండేళ్ళ పిల్లలకి అమ్ముతున్నారు చూడండి, పెడళ్ళు లేని చిన్న సైకిళ్ళు, అచ్చం అలాగే. పెద్దవాళ్ళు వీధిలో అలా తన్నుకుంటూ పోతుంటే జనం నవ్వరూ? నవ్వారు. కాలిబాటల మీద నడిచేవాళ్ళని గుద్దేస్తున్నారని ఆ ఏడాది చివర్లోనే మాన్‌హైమ్‌లో ఆంక్షలు పెట్టారు. మరికొన్ని నగరాలూ అదే బాట పట్టాయి.

గుర్రం లేకుండా నడిచే బండి చేయాలన్న ఆలోచన ఆయనకి ఎందుకు వచ్చిందో కొందరు చరిత్రకారులు చెప్పే కారణం వింటే ఆశ్చర్యం వేస్తుంది. 1815 ఏప్రిల్‌లో, ఇప్పటి ఇండోనేషియాలోని సుంబావా దీవిలో తంబోరా అనే అగ్నిపర్వతం బద్దలైంది. ఆ ధూళి ఆకాశాన్ని కప్పేసి, మరుసటి ఏడు యూరపులోనూ ఉత్తర అమెరికాలోనూ చాలా చోట్ల వేసవే రాలేదు. 1816ని ఇప్పటికీ ‘వేసవి లేని సంవత్సరం’ అంటారు. పంటలు పోయాయి. మనుషులకే గింజల్లేనప్పుడు గుర్రాలకి దాణా ఎక్కణ్ణుంచి వస్తుంది? గుర్రాలు కరువైపోతేనే గుర్రం అక్కర్లేని బండి పుట్టిందని వాళ్ళ వాదన. అందరూ ఒప్పుకోరు లెండి. ఆయన అంతకుముందు నుంచీ అలాంటి బండ్లతో కుస్తీ పడుతూనే ఉన్నాడు. ఏదైతేనేం, వేసవి రాని ఏడాది గడిచాక వచ్చిన వేసవిలో ఒక మనిషి సైకిలెక్కి పల్లె బాట పట్టాడన్నది మాత్రం నాకు ఎంతో ఇష్టమైన సంగతి.

తరువాత యాభై ఏళ్ళూ సైకిలు మగవాళ్ళ ఆటవస్తువు. 1860లలో పారిస్‌లో ముందు చక్రానికి పెడళ్ళు తగిలించారు. ఇనప పట్టాల చక్రాలతో రాళ్ళు పరిచిన వీధుల్లో తొక్కితే ఒళ్ళంతా హూనమయ్యేది. అందుకే ఇంగ్లీషువాళ్ళు దానికి ‘ఎముకలు కుదిపేది’ అని ముద్దుపేరు పెట్టారు. 1870లలో ముందు చక్రం మనిషి ఎత్తు, వెనక చక్రం పళ్ళెమంత ఉండే ఎత్తు సైకిలు వచ్చింది. పాత సినిమాల్లోనూ సర్కసుల్లోనూ చూసే ఉంటారు. దాని మీదికి ఎక్కడమే ఒక విద్య, దిగడం ఇంకో విద్య, పడడానికి మాత్రం ఏ విద్యా అక్కర్లేదు. కాలి మడమల దాకా గౌన్లు వేసుకునే ఆడవాళ్ళు దాన్ని ఎక్కడం కల్ల. వాళ్ళకి మూడు చక్రాల బండి ఇచ్చారు. 1881లో విక్టోరియా మహారాణి కూడా అలాంటివి రెండు తెప్పించుకుందట. మహారాణి తెప్పించుకున్నదాన్ని ఎవరు తప్పుపడతారు? పెద్దింటి ఆడవాళ్ళకి అది మంచి సాకైంది.

అసలు మార్పు 1885లో వచ్చింది. ఇంగ్లండులో కోవెంట్రీ అనే ఊళ్ళో జాన్ కెంప్ స్టార్లీ అనే ఆయన రెండు చక్రాలూ సమానంగా ఉండి, గొలుసుతో వెనక చక్రం తిరిగే ‘రోవర్’ సైకిలు తయారు చేశాడు. మన ఇంటి గుమ్మంలో స్టాండు వేసి ఉండే సైకిలుకి అదే అమ్మమ్మ. మూడేళ్ళకి, 1888లో, బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరుగా ఉన్న జాన్ బాయ్డ్ డన్‌లప్ గాలి టైరుకి పేటెంటు తీసుకున్నాడు. ఆయన ఆ టైరు చేసింది వ్యాపారానికి కాదు. తన చిన్నకొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపు లేకుండా నడవాలని చేశాడు. ఆ పిల్లవాడి పుణ్యాన లోకంలో ఎంతమంది నడుములు నిలిచాయో!

ఆడవాళ్ళ కోసం మధ్య కడ్డీని కిందికి వంచి, గౌను అంచు చిక్కుకోకుండా వెనక చక్రానికి దారాల వల అల్లి, గొలుసుకి పెట్టె బిగించి ‘లేడీస్ సైకిలు’ చేశారు. మన దేశంలో ఆ వల చోటే చీర కొంగుకి అడ్డంగా ఇనప జాలీ అయింది. అక్కడ గౌను, ఇక్కడ చీర. కష్టం ఒకటే!

దాంతో 1890లలో ఇంగ్లండులో సైకిలు పిచ్చి పట్టుకుంది. ఆదివారం వచ్చిందంటే లండను జనం పొలాల గట్ల మీదికీ పల్లెటూళ్ళకీ బయల్దేరేవారు. 1878లోనే సైకిలు యాత్రికుల సంఘం ఒకటి పెట్టారు. 1899 నాటికి దానిలో 60,000 మందికి పైగా సభ్యులు. రైళ్ళు వచ్చాక గుర్రబ్బండ్ల దారుల్లోని పాత సత్రాలన్నీ బోసిపోయి ఉంటే, వీళ్ళొచ్చి మళ్ళీ కళ తెచ్చారు. సంఘం వారితో ఒప్పందం ఉన్న సత్రాల గోడకి రెక్కల చక్రం బొమ్మ ఉండేది. ఆ బొమ్మ కనిపిస్తే సైకిలు వాళ్ళకి మర్యాదగా భోజనం, బస దొరుకుతాయని నమ్మకం. రచయిత హెచ్. జి. వెల్స్ 1896లో ఒక నవలే రాశాడు. బట్టల కొట్టులో గుమాస్తా ఒకడు ఏడాదికోసారి దొరికే పది రోజుల సెలవులో, ఆగస్టు నెలలో, సైకిలేసుకుని దక్షిణ ఇంగ్లండు పల్లెలన్నీ తిరగడమే కథ. మీటరు బద్దా కత్తెరా కింద పెట్టి ఒక గుమాస్తా గాలి పీల్చుకోవడం కూడా నవలకి పనికొచ్చే సంగతే అని అప్పుడు తేలింది.

గుమాస్తా వెళ్తే నవల. మరి గుమాస్తా చెల్లెలు వెళ్తే? గొడవ!

ముందుగా డాక్టర్లు బయల్దేరారు. సైకిలు తొక్కే ఆడవాళ్ళకి ‘సైకిలు మొహం’ అనే జబ్బు వస్తుందని పత్రికల్లో రాశారు. బాలన్సు కోసం బిగపట్టి బిగపట్టి, దవడలు బిగుసుకుపోయి, కళ్ళు ముందుకొచ్చి, అందం చెడిపోతుందట! అదే సైకిలు తొక్కితే మగవాళ్ళ మొహాల అందానికి మాత్రం ఎవరూ అంత బెంగ పడలేదు. ఆ తరువాత పెళ్ళికాని పిల్లకి తోడెవరన్న సమస్య. అంతవరకూ పెద్దింటి ఆడపిల్ల గడప దాటితే వెంట పెద్దావిడ ఒకరు ఉండవలసిందే. పిల్ల సైకిలెక్కితే ఆ పెద్దావిడ పరుగెత్తలేదు కదా! 1896లో లండన్‌లో, అమ్మాయిల వెంట సైకిలు మీద తోడు వెళ్ళే స్త్రీలని ఏర్పాటు చేయడానికి ఒక సంఘమే పెట్టారు. కాపలాకి కూడా సైకిలు నేర్పవలసి వచ్చిందన్నమాట.

ఈ గోల ఇలా ఉండగానే అమెరికాలో మద్యపాన నిషేధానికి పోరాడిన మహిళా సంఘం అధ్యక్షురాలు ఫ్రాన్సెస్ విలార్డ్ తన 53వ ఏట సైకిలు నేర్చుకుంది. రోజుకి పావుగంట చొప్పున దాదాపు మూడు నెలలు పట్టింది. ఇంగ్లండులోని స్నేహితురాలు బహూకరించిన ఆ సైకిలుకి ఆవిడ ‘గ్లాడిస్’ అని పేరు పెట్టుకుంది. 1895లో ఆ ముచ్చటంతా పుస్తకంగా రాసింది. చిన్నప్పుడు ఆరుబయట యథేచ్ఛగా తిరిగిన పిల్ల, పదహారో ఏట పొడుగు గౌను తొడిగించాక నడకే మరిచిపోయాననుకుందట. ఆ స్వేచ్ఛని మళ్ళీ 53వ ఏట వెతుక్కుంది. ఆడవాళ్ళ ఓటు హక్కు కోసం జీవితమంతా పోరాడిన సూసన్ బి. ఆంథొనీ కూడా, స్త్రీల విముక్తికి సైకిలు చేసినంత మేలు మరేదీ చేయలేదన్న అర్థం వచ్చేలా 1896లో ఒక పత్రికతో చెప్పింది.

బట్టల సంగతి చెప్పకపోతే కథ పూర్తి కాదు. ఆ కాలపు గౌన్ల లోపల పొరలు పొరలుగా ఎన్ని లోపావడాలో! 1881లో లండన్‌లో ‘హేతుబద్ధమైన దుస్తుల సంఘం’ పెట్టినవాళ్ళు, లోపలి బట్టల బరువు, బూట్లు కాక, ఏడు పౌనులకి మించకూడదని నియమం పెట్టుకున్నారు. అంటే మూడు కిలోల పైమాట. అది తగ్గించాక బరువు! అంతకు ముందు ఎంత మోసేవారో మీరే ఊహించుకోండి. ఆ సంఘం పెద్ద లేడీ హార్బర్టన్. ఆవిడ సైకిలెక్కినప్పుడు గౌను మానేసి, మోకాళ్ళ దాకా వచ్చే వదులైన లాగూ, పైన కోటు వేసుకునేది.

1898 అక్టోబరులో ఒక రోజు లేడీ హార్బర్టన్ సైకిలు మీద సర్రే జిల్లా పల్లెల్లోకి వెళ్ళి, ఆకమ్ అనే ఊళ్ళో ఒక సత్రం దగ్గర ఆగింది. సంఘం వారి బొమ్మ ఉన్న సత్రమే. భోజనం అడిగింది. సత్రం యజమానురాలు ఆవిణ్ణి ఎగాదిగా చూసి, ఆ బట్టలతో మర్యాదస్తులు కూర్చునే గదిలోకి రానివ్వనంది. కావాలంటే వెనక మగవాళ్ళు తాగుతూ కూర్చునే గదిలో వడ్డిస్తానంది. ఆవిడ తినకుండానే వచ్చేసింది. సైకిలు సంఘం ఆ యజమానురాలి మీద కేసు వేసింది. 1899లో తీర్పొచ్చింది. భోజనం పెడతానన్నారు కదా, ఏ గదిలో అయితేనేం అని జ్యూరీ సత్రం వైపే మొగ్గింది. లేడీ హార్బర్టన్ ఓడిపోయింది.

ఆవిడ అప్పటికి యాభై దాటిన మనిషి. లార్డుగారి భార్య. డబ్బుకి, మర్యాదకి లోటు లేదు. అలాంటి ఆవిడకే పొలాల మధ్య నాలుగు మైళ్ళు తిరిగొచ్చి ఒక ముద్ద తినడానికి కోర్టు దాకా వెళ్ళవలసి వచ్చింది. ఆ ఆవేశం నాకు కొంచెం అర్థమవుతుంది. అన్నం దొరకలేదని కాదు ఆవిడ బాధ. మర్యాదగల ఆడమనిషి అనిపించుకోవాలంటే బట్టలు మార్చుకోవాలి, లేదా ఇంట్లో కూర్చోవాలి అన్న షరతు మీద. అంతకు ముందు ఏడు, 1897 మేలో, కేంబ్రిడ్జిలో ఆడపిల్లలకి డిగ్రీలు ఇవ్వాలా వద్దా అని ఓటింగు పెడితే, వద్దన్న కుర్రాళ్ళు వీధిలో ఒక దిష్టిబొమ్మని వేలాడదీశారు. ఆ బొమ్మ ఎలా ఉందనుకున్నారు? పుస్తకం పట్టుకుని లేదు. లాగూ తొడుక్కుని సైకిలెక్కి ఉంది! చదువుకునే పిల్లని బొమ్మ గీయమంటే వాళ్ళకి సైకిలే తోచింది. ఆ రోజు డిగ్రీలు ఇవ్వమనే తేల్చారు. కేంబ్రిడ్జి ఆడవాళ్ళకి డిగ్రీలిచ్చింది 1948లో.

ఇంక మన ఇళ్ళ సంగతికి వద్దాం. మన ఇళ్ళకి సైకిలు ఎలా వచ్చిందీ? చాలామటుకు పెళ్ళి పందిట్లోంచి. అలకపాన్పు ఎక్కిన అల్లుడికి వాచీ, సైకిలు ఇస్తే గానీ అలక తీరేది కాదు. తరువాతి రోజుల్లో ఆ చోటు స్కూటరుది. మా నాన్నగారి రాలీ సైకిలు మా తాతయ్య అలా ఇచ్చినదే. పచ్చటి సైకిలు, ముందు డైనమో దీపం, వెనక క్యారేజీ. కొన్నది అమ్మ పుట్టింటి డబ్బుతో. అమ్మ మాత్రం దాన్ని వారానికోసారి కొబ్బరినూనె గుడ్డతో తుడిచేది, పండక్కి పసుపు కుంకుమ పెట్టేది, సినిమాకి వెళ్ళేటప్పుడు వెనక క్యారేజీ మీద ఒక పక్కకి తిరిగి కూర్చునేది. దాని హ్యాండిలు ఎప్పుడైనా పట్టుకుందంటే, నాన్నగారు తాళం వెతుక్కునేటప్పుడు పడిపోకుండా పట్టుకోవడమే. ఇలాంటి అమ్మలు మీ అందరి ఇళ్ళల్లోనూ ఉండే ఉంటారు.

మా పిన్ని వేరే రకం. టీచరు ట్రైనింగు చదివే రోజుల్లో హాస్టల్లో సైకిలు నేర్చుకుంది. ఒక వేసవి సెలవుల్లో, నాకు పదమూడేళ్ళప్పుడు, అద్దె సైకిళ్ళ కొట్లో గంటల లెక్కన రెండు తెప్పించి, తెల్లవారుజామునే నన్ను కాలువ గట్టు మీదికి తీసుకెళ్ళింది. మాది గోదావరి డెల్టా. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే కాలువల పక్కన గట్లు ఎంత బాగుంటాయో చూసినవాళ్ళకి తెలుసు. ఎండాకాలం మరమ్మతులకని కాలువ కట్టేస్తారు. అడుగున మిగిలిన గుంటల్లో కొంగలు నిలబడి ఉన్నాయి. తాటి తోపులో ముంజెలు కొడుతున్న చప్పుడు. చింతచెట్ల నీడన గట్టు చల్లగా ఉంది. తొందర లేదు. పిన్ని ముందు, నేను వెనక.

దారిలో కనిపించిన ప్రతివాళ్ళూ ఆపి ఒకటే అడిగారు: “ఎక్కడికమ్మా?”

“ఊరికేనండీ, అలా వెళ్ళొద్దామని” అంది పిన్ని.

ఆ జవాబు ఎవరికీ మింగుడు పడలేదు. ఒక ముసలాయనైతే చుట్ట పక్కన పెట్టి, గొంతు తగ్గించి, “ఎవరికమ్మా ఒంట్లో బాగాలేనిదీ?” అని అడిగాడు పాపం. ఆడవాళ్ళు పొద్దున్నే సైకిలెక్కి వెళ్తున్నారంటే ఎవరి ప్రాణం మీదికో వచ్చి ఉండాలని ఆయన భయం. ఆయనలో కొంచెమైనా చెడ్డతనం లేదు. జాలే ఉంది. ఆడదాని ప్రయాణానికి కారణం ఉండి తీరాలన్నది ఆయనకి సూర్యుడు తూర్పున ఉదయించడం లాంటి సంగతి. అంతే.

ఇప్పుడు ఇంకో పాతికేళ్ళు ముందుకొచ్చి, మన పక్క రాష్ట్రం తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాకి వెళ్దాం. 1991లో అక్కడ ‘అరివొళి ఇయక్కం’ అనే అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ ఆడవాళ్ళకి అక్షరాలతోపాటు సైకిలు కూడా నేర్పాలని పట్టుబట్టింది. చదువు చెప్పే కార్యకర్త ఊరూరూ తిరగాలంటే బస్సు కోసం కూర్చుంటే కాదు కదా! పొలం కూలీలు, రాళ్ళ క్వారీల్లో పని చేసేవాళ్ళు, నర్సులు, బాలవాడీ టీచర్లు, అందరూ నేర్చుకున్నారు. సైకిళ్ళకి అప్పులిప్పించారు. 1992 మహిళా దినోత్సవం నాడు 1,500 మందికి పైగా ఆడవాళ్ళు హ్యాండిళ్ళకి జెండాలు కట్టి, గంటలు మోగించుకుంటూ పుదుక్కోట్టై పట్టణమంతా ఊరేగారు.

ఆ సంగతులన్నీ రాసిన పత్రికా రచయిత పి. సాయినాథ్ (మన తెలుగువాడే లెండి) ఒక తమాషా చెప్పాడు. లేడీస్ సైకిళ్ళు చాలక ఆడవాళ్ళు మగవాళ్ళ సైకిళ్ళు కొనేశారట. తొక్కడం మొదలెట్టాక, ఇదే బాగుందన్నవాళ్ళు కూడా ఉన్నారు. మధ్య కడ్డీ మీద పిల్లని కూర్చోబెట్టుకోవచ్చు కదా! నూరేళ్ళ కిందట ఇంగ్లండులో ఆడవాళ్ళ మర్యాద కాపాడటానికి వంచిన కడ్డీని, పుదుక్కోట్టైలో ఒక తల్లి తన బిడ్డ కోసం మళ్ళీ నిటారుగా కావాలంది. చరిత్ర ఇలా నవ్విస్తుంటుంది.

2006లో బీహారు ప్రభుత్వం తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిలు కొనుక్కోవడానికి డబ్బివ్వడం మొదలుపెట్టింది. బడి ఎంత దూరంగా ఉన్న ఊళ్ళో అంత ఎక్కువ ఫలితం కనిపించిందని ఆ తరువాత ఆర్థికవేత్తలు లెక్కలు తేల్చారు. సంతోషమే. బడికి సైకిలు, నీళ్ళకి సైకిలు, ఉద్యోగానికి సైకిలు. వీటిని ఇప్పుడు ఎవరూ కాదనడం లేదు. పనికొచ్చే స్వేచ్ఛని లోకం ఆలస్యంగానైనా ఒప్పుకుంటుంది. పనికిరాని స్వేచ్ఛ దగ్గరే పేచీ. మగవాడు సాయంత్రం అలా తిరిగొస్తానంటే షికారు. ఆడది అంటే, పొయ్యి మీద ఏం పెట్టి వెళ్తున్నావు అన్న ప్రశ్న. ఆ ప్రశ్న వేసేది ఎప్పుడూ మగవాళ్ళే కాదు. చాలాసార్లు మన మనసే మనల్ని అడుగుతుంది. బడికి సైకిలు మీద వెళ్ళిన పిల్ల పెళ్ళయ్యాక ఆ సైకిలు ఏమైందో మనం ఎప్పుడైనా ఆరా తీశామా? అటకెక్కిందో, తమ్ముడికి వెళ్ళిందో!

కార్ల్ ఫాన్ డ్రైస్ ఆ రోజు ఏ పనీ లేకుండా వెళ్ళి వచ్చాడు కనకే ఇవాళ ఇన్ని పనులకి సైకిలుంది. అందుకే ఈ వేసవిలో ఎండ ముదరక ముందే, పిల్లల సైకిలు తాళం ఒకసారి అడిగి చూడండి. ఊళ్ళో చెరువు గట్టో, కాలువ గట్టో, కాలనీ చివర ఖాళీ రోడ్డో ఏదో ఒకటి ఉండకపోదు. రానివాళ్ళు నేర్చుకోవచ్చు. విలార్డ్ గారికి మూడు నెలలు పట్టింది నిజమే. మనకి వేసవి సెలవులు రెండు నెలలే. కానీ, మనలో చాలామందికి ఇంకా 53 రాలేదు కదా!